బావలు రాని చావు

జకరియా థోలేకి నవ్వు రాదని మొట్టమొదట కనిపెట్టింది ప్రభుత్వం. కన్నతల్లికి కూడా తెలియని సంగతి అది. ఆవిడ మాత్రం, చిన్నప్పుడు మా జకా నవ్వితే గంప కింద కోళ్ళు బెదిరిపోయేవని చెప్పేది. ఎవరి మాట నమ్మాలో మాకు తెలిసేది కాదు. ఒకరు కన్నవాళ్ళు, ఒకరు జీతమిచ్చేవాళ్ళు.

తెల్లదొరల కాలం చివర్లో అతను కొత్తగా చేరిన కానిస్టేబులు. గవర్నరు పరేడు చూడ్డానికి వచ్చాడు. ఎండకి తట్టుకోలేక ఈకల టోపీ తీసి బల్ల మీద పెట్టి ముఖం తుడుచుకుంటున్నాడు. ఎక్కణ్ణించి వచ్చిందో ఒక మేక, వేదిక ఎక్కి ఆ ఈకలు తాపీగా నమలడం మొదలుపెట్టింది. వరసలో నిలబడ్డ పోలీసులు మొదట బుగ్గలు బిగబట్టారు. తరవాత బ్యాండువాళ్ళ బూరాల్లోంచి వింత చప్పుళ్ళొచ్చాయి. ఆ తరవాత మైదానమంతా పగలబడి నవ్వింది. థోలే ఒక్కడే కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. దవడపన్ను వాచి, నోరు తెరిస్తే ప్రాణం పోయేలా ఉందట ఆ పూట. గవర్నరుకి ఆ సంగతేం తెలుసు? ఈ కుర్రాడిలో క్రమశిక్షణ ఉందన్నాడు. మేకని కోసేశారు, థోలేని హెడ్డుని చేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక పార్టీ పెద్దాయనెవరో సభలో మాట్లాడుతుంటే కుర్చీ విరిగి వెల్లకిలా పడ్డాడు. ఈసారి థోలేకి పన్నునొప్పి లేదు. అయినా నవ్వలేదు. పడిపోయిన కాళ్ళకేసి చూస్తూ సెల్యూటు చేశాడు. నవ్వినవాళ్ళందరినీ చిత్తడినేలల్లో ఉన్న ఊళ్ళకి బదిలీ చేసి పారేశారు. వాళ్ళంతా వెళ్ళిపోయాక చూస్తే, ఆ జిల్లాలో మిగిలిన పెద్ద అధికారి థోలేయే. అలా పెరిగాడు. ఎవరో ఎక్కడో నవ్వేవారు, ఇతనికి భుజం మీద ఇంకో నక్షత్రం వచ్చేది.

అన్యాయంగా మాట్లాడకూడదు. మంచివాడే. లంచం ముట్టలేదు, లాకప్పులో ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. నేను పోలీసు ఆఫీసుకి ఎదురుగా జకరండా చెట్టు కింద సంకటి వండి అమ్ముకునేదాన్ని. ఎంతమంది అధికారుల్ని చూశాను! చేపముక్క పెద్దది వెయ్యమని అడగనివాడు ఇతనొక్కడే. నా పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. మా పెద్దమ్మాయి పేరు పెట్టి బానా చోలా అంటారు, అంటే చోలా తల్లి అని. మీరూ అలాగే అనుకోండి.

ఇంత మంచివాడు ఎందుకు చెడిపోయాడంటే, అతన్ని తెచ్చి మా కసెంగులో వేశారు కాబట్టి. మొత్తం రాష్ట్రానికి పోలీసు పెద్ద. అతను న్గోని. మేం బెంబా. మా రెండు తెగలదీ బావల వరస. ఎప్పుడో మా తాతలూ వాళ్ళ తాతలూ బల్లేలతో పొడుచుకుని పొడుచుకుని విసుగెత్తి, ఇక మీదట నోటితో పొడుచుకుందామని ఒప్పుకున్నారట. అప్పణ్ణించి న్గోనివాడు కనిపిస్తే ఎలకలు తినేవాడా అనాలి. వాడు మమ్మల్ని కోతుల్ని తినేవాళ్ళని అనాలి. బావ చేతిలో వస్తువు లాక్కోవచ్చు, అది విడిపించుకోవాలంటే కోడినిమ్మని అడగొచ్చు. కోపం తెచ్చుకున్నవాడే తప్పుచేసినవాడు. ఎదురుపడి ఏమీ అనకుండా పోతే మాత్రం, వీడితో మనకి సంబంధం తెగిందని అర్థం.

అలాంటి ఊరికి న్గోని పోలీసు పెద్ద వస్తున్నాడంటే మాకు పెళ్ళిసందడే కదా. బజారు ఆడవాళ్ళమంతా ఊరి మొదట్లో వరసగా నిలబడ్డాం. కారు కనపడగానే, "ఎలకల్లారా, పిల్లల్ని తీసుకుని కలుగుల్లోకి పొండి, అల్లుడుగారొచ్చారు" అని పాట ఎత్తుకున్నాం. కారు ఆగింది. థోలే దిగి, చట్టవిరుద్ధంగా గుమిగూడిన మీ అందరికీ ఇదే హెచ్చరిక అన్నాడు. మేం ఇంకా నవ్వాం. అతను హాస్యమాడుతున్నాడనుకున్నాం.

అప్పుడు వెనకసీటు అద్దం దిగింది. పండిపోయిన తల ఒకటి బయటికొచ్చింది. పళ్ళు రెండో మూడో ఉన్నాయి. అతని తల్లి. అందరూ గోగో అనేవారు, అవ్వ అని. మమ్మల్నందర్నీ ఎగాదిగా చూసి, "దారిపొడుగునా చూసుకుంటూ వచ్చాను, చెట్ల మీద ఒక్క కోతి లేదు. ఇప్పుడు తెలిసింది, అన్నీ ఇక్కడే పాడుతున్నాయి" అంది. ఆ క్షణం నించీ ఆవిడ మా మనిషి అయిపోయింది.

పొద్దున్నే బంగళా వరండాలో కూచునేది. దారినపోయే ప్రతివాణ్ణీ ఒక మాట అనేది, ఒక మాట పడేది. మధ్యాహ్నం నా కొట్టుకొచ్చి ఎండు గొంగళిపురుగుల వేపుడు రుచి చూసి, "బానా చోలా, కోతితోక ఇంకా ఉడకలేదే" అనేది. ఉంటే మీకెందుకు పెడతామమ్మా, మీకు గాదె కింద వెతుక్కోవడం అలవాటేగా అనేదాన్ని నేను. సైకిళ్ళు బాగుచేసే కపంబ్వే ముసలాయన ఆవిడకి జోడీ. రోజూ పొద్దున ఆవిడ ఊతకర్ర ఎత్తుకుపోయి, సాయంత్రం దాకా ఇచ్చేవాడు కాదు. ఆవిడ వాణ్ణి తిట్టడానికని కర్ర లేకుండా రెండు వీధులు నడిచేది. కాళ్ళనొప్పులు తగ్గాయని కొడుకుతో చెప్పుకుని మురిసిపోయేది.

కొడుక్కి ఇదంతా కంపరం. యూనిఫారానికి తెగ లేదు అనేవాడు. అతను జీవితంలో సొంతంగా ఆలోచించి చెప్పిన మాట అదొక్కటే, అందుకని దాన్ని పట్టుకుని వదిలేవాడు కాదు. మాటలో తప్పేం లేదు. తెగ చూసి వదిలేసే పోలీసుల్ని, తెగ చూసి పట్టుకునే పోలీసుల్ని మేం చూడలేదా? కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి మంచి మాట దొరికితే అది ఇంకా ప్రమాదం.

స్వాతంత్ర్య దినం నాడు గొడవ మొదలైంది. జెండా ఎగరేశాక పెద్దలందరూ నీడన కూచుని మన్కోయో అంబలి తాగుతున్నారు. థోలే టోపీ తీసి పక్క కుర్చీలో పెట్టాడు. కపంబ్వే వెనకనించి వచ్చి దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. చెప్పుల్లేని కాళ్ళతో మైదానం ఈ చివర నించి ఆ చివరికి కవాతు చేశాడు. అలవాటుకొద్దీ కానిస్టేబుళ్ళు కొందరు సెల్యూటు కూడా కొట్టారు. పుంజునిస్తే టోపీ ఇస్తానని కేకేశాడు. ఊరంతా నవ్వింది. గోగో అయితే కళ్ళు తుడుచుకుంటూ, పుంజెందుకురా, టోపీతోపాటు మావాణ్ణి కూడా ఉంచేసుకో అంది.

థోలే లేచి, ప్రభుత్వ ఆస్తి దొంగతనం కింద కపంబ్వేని అరెస్టు చేయమన్నాడు.

కేసు మేజిస్ట్రేటు న్గాందు గారి ముందుకొచ్చింది. రాష్ట్రం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మేజిస్ట్రేటు. ఆయన ముందు థోలేని మీది ఏ తెగ అని అడిగాడు. యూనిఫారానికి తెగ లేదన్నాడు థోలే. మరి యూనిఫారం విప్పితే? న్గోని. ముద్దాయి? బెంబా. న్గాందు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇది నేరం కాదు బంధుత్వం, పుంజునిచ్చి టోపీ విడిపించుకోండి అని తీర్పు చెప్పాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆయనా బెంబావాడే కదా, నోరూరుకుంటుందా? పుంజు దొరక్కపోతే బాగా ఎండిన ఎలకలు ఒక పుల్లకి గుచ్చి ఇచ్చినా ఈ కోర్టుకి అభ్యంతరం లేదన్నాడు.

మర్నాడు పోలీసు ఆఫీసు గోడ మీద, బజారులో, ఆస్పత్రిలో కాయితాలు అంటించారు. విధుల్లో ఉన్న పోలీసు అధికారిని గాని, వారి కుటుంబసభ్యులను గాని తెగ పేరుతో పరిహసించుట శిక్షార్హము. కింద థోలే సంతకం. ఆ ఆర్డరు ప్రకారం మొదటి కేసు మేజిస్ట్రేటు గారి మీదే పెట్టాడు. ముద్దాయి తన కేసు తను విచారించుకోకూడదు కాబట్టి కోర్టుకి తాళం పడింది. కోర్టు లేదు కాబట్టి కపంబ్వేని విడిచిపెట్టేవాడూ లేడు, శిక్షవేసేవాడూ లేడు. లాకప్పులో కూచుని పోలీసుల సైకిళ్ళు బాగుచేసేవాడు. నేను మధ్యాహ్నం సంకటి తీసుకెళ్తే, వీళ్ళ బ్రేకులన్నీ అరిగిపోయి ఉన్నాయే బానా చోలా, దొంగలకి ఈ సంగతి తెలియకపోవడం మన అదృష్టం అనేవాడు.

విచిత్రం వినండి. కోర్టు మూతపడ్డాక రాష్ట్రంలో ఒక్కరికీ శిక్ష పడలేదు. శిక్షలు లేవు కాబట్టి నేరాలు లేవని రాజధానిలో లెక్క కట్టారు. దేశం మొత్తంలో నేరం లేని రాష్ట్రం మాదేనని తేల్చారు. థోలేని రాజధానికి రప్పించి పోలీసు శాఖలో రెండో పెద్దని చేస్తారన్నారు. శాఖలో అందరికంటే పైనున్న పెద్దాయన స్వయంగా కసెంగు వచ్చి ఆ మాట ప్రకటిస్తాడట. మైదానంలో సున్నపు గీతలు గీయడం మొదలైంది.

ఇక ఊరి సంగతి. అరెస్టులంటే ఎవరికి భయముండదు? పోలీసు పెద్దని ఏమీ అనకుండా ఉండటం మాకేం కష్టం కాదు, అతన్ని అని మాత్రం ఏం లాభం? కానీ కాయితంలో కుటుంబసభ్యులన్న మాట ఉంది. అంటే గోగో కూడా. వరండా ముందునించి పోయేవాళ్ళు తల వంచుకుని, నమస్కారమమ్మగారూ, ఆరోగ్యమా అని పోయేవారు. ఆవిడ కోతులని పిలిస్తే ఎవరూ బదులు పలికేవారు కాదు. ఊతకర్ర ఎవరూ ఎత్తుకుపోలేదు. గోడకి ఆనించినచోటే ఉండిపోయింది.

ఒకరోజు నా కొట్టుకొచ్చింది. వేపుడు బాగాలేదంది. క్షమించండమ్మగారూ అన్నాను. అవునండీ, నేనే అన్నాను. పక్కనే నలుగురు కానిస్టేబుళ్ళు తింటున్నారు, నాకు కూతుళ్ళున్నారు. ఆవిడ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"బానా చోలా, నిజం చెప్పు. నాకేమైనా జబ్బా?"

"అదేం మాటండీ?"

"మరి అందరూ నాతో ఇంత మర్యాదగా ఎందుకు మాట్లాడుతున్నారు? డాక్టరేమైనా చెప్పాడా మీకు?"

జబ్బేమీ లేదని చెప్పాను. నమ్మలేదు. ఇంటికెళ్ళి మంచమెక్కింది. ముసలిప్రాణం, దేన్ని పట్టుకుని నిలబడుతుందో మనకేం తెలుసు? చలికాలం దాటకుండానే పోయింది. పోయేముందు కొడుకుతో, నన్ను మన ఊరికి మోసుకెళ్ళకు, ఇక్కడే పెట్టు, ఈ కోతులతో మొయ్యించు, వాళ్ళు చెమటలు కక్కుతుంటే చూడాలి అందట.

పెద్దాయన వస్తానన్న వారంలోనే పోయింది. ప్రమోషను ఎలాగూ చెప్పాలి, పరామర్శ కూడా అయిపోతుందని ఆయన రాకని అంత్యక్రియల రోజుకే మార్చుకున్నాడు.

ఊరు ఊరంతా బంగళాకి వెళ్ళాం. వరసలో నిలబడ్డాం. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, తమకి కలిగిన నష్టానికి చింతిస్తున్నామండీ అని చెప్పి, కరచాలనం చేసి బయటికొచ్చాం. న్గోని ఇంట్లో చావంటే మేం ఎలా వెళ్ళాలో తెలుసా? వంటింట్లో దూరి కుండలు బోర్లించాలి. పోయినవాళ్ళ బట్టలు వేసుకుని వాళ్ళలా నడవాలి. ఏడ్చేవాళ్ళ పక్కన కూచుని వాళ్ళకంటే గట్టిగా దొంగేడుపు ఏడవాలి. గొయ్యి తవ్వేదీ మేమే, శవాన్ని మోసేదీ మేమే, దారిలో దించేసి డబ్బులిస్తేగాని మొయ్యమని మొరాయించేదీ మేమే. బావలు వచ్చి అల్లరి చేస్తేనే ఏడుపుకి దారి దొరుకుతుంది. లేకపోతే లోపలే గడ్డకట్టుకుపోతుంది. ఆరోజు బంగళాలో గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ముసలావిడ మా మధ్య పరాయిదానిలా పడుకుని ఉంది.

గొయ్యి కూడా తవ్వలేదు. థోలే కానిస్టేబుళ్ళని పంపాడు. వాళ్ళు పారలు పట్టుకుని స్మశానంలో నిలబడ్డారు గాని ఒక్కడూ మట్టి తియ్యలేదు. ఏమిటని అడిగితే, వాళ్ళ సార్జెంటు వచ్చి సెల్యూటు కొట్టి, తవ్వేటప్పుడు బావలం నోరు జారతాం సార్, నోరు మూసుకుని తవ్వడం మాకు రాదు, తమరి ఆర్డరుంది కదా అన్నాడు. ఖైదీలని పంపుదామంటే వాళ్ళూ బెంబాలే. చివరికి థోలే తనే పార పుచ్చుకున్నాడు. చలికాలపు నేల, రాయిలా ఉంది. మోకాలి లోతు కూడా రాకుండానే అరచేతులు పుండ్లయ్యాయి. పెద్దాయన రావడానికి ఇంక ఎంతోసేపు లేదు. అక్కడ బంగళా వాకిట్లో శవం ఎండలో ఉంది.

నేను వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను. అరెస్టు చేస్తే చేసుకోమనుకున్నాను.

"మీ అమ్మని ఇలా పూడిస్తే, అనాథశవాన్ని పూడ్చినట్టే బాబూ," అన్నాను. "పోయి కపంబ్వేని తీసుకురా."

అతను పారకేసి చూశాడు. నాకేసి చూశాడు. కారు కోసం ఆగకుండా నడిచి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను, లాకప్పు దాకా.

కపంబ్వే ఒక చక్రం ఒళ్ళో పెట్టుకుని చువ్వలు బిగిస్తున్నాడు. థోలే ఊచల ఇవతల నిలబడ్డాడు.

"అమ్మ పోయింది," అన్నాడు.

కపంబ్వే లేచి నిటారుగా నిలబడ్డాడు. "విన్నాను సార్. నా ప్రగాఢ సానుభూతి సార్."

"అలా అనకండి."

"మరెలా అనమంటారు సార్?"

"మామూలుగా."

"మామూలుగా అంటే నేరం సార్. అదుగో, గోడ మీద ఉంది."

థోలే వెళ్ళి ఆ కాయితం చింపాడు. జిగురు బాగా పట్టేసి ఉంది, పుండుపడ్డ చేతులతో గోళ్ళతో గీకి గీకి తీశాడు. తీసి జేబులో పెట్టుకున్నాడు, ఎక్కడ పారెయ్యాలో తెలియనట్టు. తరవాత తాళం తీశాడు. కపంబ్వే బయటికి రాలేదు. చెయ్యి చాచాడు. టోపీ కోసం. థోలే టోపీ తీసి ఇచ్చాడు. ముసలాయన దాన్ని నెత్తిన పెట్టుకుని, సరిచేసుకుని, అప్పుడు గొంతెత్తాడు.

"పద, ఎలకలు తినే దద్దమ్మా. ఆ ముసలిదాన్ని ఎండబెట్టి ఇక్కడ నాతో కబుర్లా? దాన్ని కూడా పుల్లకి గుచ్చుదామనుకున్నావా?"

ఆ మాట వీధిలోకి వినపడింది. అంతే, ఊరు కట్టలు తెంచుకుంది. ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు, పారలు, పలుగులు, డప్పులు పట్టుకుని జనం పరిగెత్తారు. నేను గోగో గళ్ళగుడ్డ తలకి చుట్టుకుని, ఆ ఊతకర్ర పట్టుకుని, వంగి నడుస్తూ శవం ముందు పోయాను. మేజిస్ట్రేటు గారు కోటు విప్పి పాడె ఒక కొమ్ము పట్టుకున్నారు. నాలుగు అడుగులకోసారి దించేసి, ఇంత బరువేంటి, మా గాదెల్లో ధాన్యమంతా కడుపులో ఉన్నట్టుందే అని తిట్టాం. కానిస్టేబుళ్ళు తవ్వుతూ థోలే వంశాన్ని ఎలకల కలుగుదాకా ఎంచారు. గొయ్యి క్షణాల్లో తెగింది.

సరిగ్గా అప్పుడు పెద్దాయన కార్లు వచ్చాయి. వెనక పత్రికల ఫోటోగ్రాఫరొకడు. పెద్దాయన చేతిలో సంతాప సందేశం, జేబులో ప్రమోషను. ఆయన వచ్చి చూసేసరికి గొయ్యిలో పోలీసు పెద్ద టోపీ పెట్టుకుని ఒక ఖైదీ వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

కపంబ్వే లేవనన్నాడు. ఇల్లు బాగుంది, నేనే ఉంటాను, ముసలిదాన్ని ఇంకెక్కడైనా పెట్టుకో అన్నాడు. ఫోటోగ్రాఫరు జేబులోంచి చిల్లర తీసి వేస్తే తిరిగి విసిరికొట్టాడు. "డబ్బులెవడిక్కావాలి? ఎలకలు తినేవాడే దిగి వచ్చి చెయ్యిచ్చి లేపాలి."

థోలే అంచుకొచ్చాడు. టోపీ తప్ప ఒంటి మీద పూర్తి యూనిఫారం, నక్షత్రాలు, పతకాలు. పెద్దాయన పశ్చిమాన మరో తెగవాడు. వాళ్ళ బావలు వాళ్ళకీ ఉంటారు, తెలియక కాదు. కానీ కెమెరా ఉంది కదా. దగ్గరికొచ్చి తగ్గుగొంతుతో అన్నాడు.

"థోలే, వెనక్కి రండి. ఇది నా ఆర్డరు. మీరు ఆ గొయ్యిలోకి దిగితే నేను చదవాల్సిన రెండో కాయితం చదవను."

థోలే అటెన్షన్లో నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళకి పైగా ఏ ఆర్డరూ కాదనని మనిషి.  డప్పు ఆగిపోయింది.

అప్పుడు గొయ్యిలోంచి గోగో గొంతు వినిపించింది. కపంబ్వేయే, కానీ అచ్చం ఆవిడే, పళ్ళులేని నోటితో, విసుగ్గా.

"జకా, ఇంత లోతు తవ్వించావేమిట్రా? మళ్ళీ లేచొస్తానని భయమా?"

థోలే మెడ దగ్గర ఏదో కదిలింది. మొదట దగ్గనుకున్నాం. తరవాత ఎక్కిళ్ళనుకున్నాం. అతను పెద్దాయనకి సెల్యూటు చేసి, "క్షమించాలి సార్, అమ్మ పిలుస్తోంది," అని గొయ్యిలోకి దూకాడు. దూకి నవ్వాడు. అబ్బ, అదేం నవ్వండీ! గోగో అబద్ధం చెప్పలేదు. పక్కవీధి కోళ్ళన్నీ ఒక్కసారి అరిచాయి. కపంబ్వే చెయ్యి పట్టుకుని లాగబోయి తనే మీద పడ్డాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. నవ్వు ఎప్పుడు ఏడుపైందో మాకు తెలియలేదు. కపంబ్వే తల్లి పిల్లాడి వీపు నిమిరినట్టు అతని వీపు నిమురుతూ, అదే గొంతుతో, ఊరుకో జకా, ఊరుకో అంటూ ఉన్నాడు. అక్కడున్నవాళ్ళందరం ఏడ్చాం. అప్పటిదాకా చుక్క రాలని కళ్ళు.

ఆవిణ్ణి పెట్టి, మట్టి కప్పి తల ఎత్తేసరికి కార్లు లేవు.

ఫోటో పత్రికలో మొదటి పేజీలోనే వేశారు. గొయ్యిలో ఖైదీని కావలించుకుని నోరంతా తెరిచిన పోలీసు పెద్ద. ఆ వారంలోనే రేడియోలో చెప్పారు, జకరియా థోలేని జాతి ప్రయోజనాల దృష్ట్యా విశ్రాంత ఉద్యోగిని చేశామని. జాతి ప్రయోజనమట! ఒక మనిషి తల్లి పోయి ఏడిస్తే జాతికి ఏం నష్టమొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థంకాదు. కొత్త పోలీసు పెద్ద వచ్చాడు. బాగా నవ్వేవాడు. చేపముక్క పెద్దది అడిగేవాడు.

థోలే తూర్పున వాళ్ళ ఊరికి పోయి వేరుశనగ వేసుకున్నాడు. బస్సెక్కిన రోజు మేం వెళ్ళి తిట్టి పంపాం. అతను తిరిగి ఏమీ అనలేదు. అందామని నోరు తెరిచాడు గాని రాలేదు. అలవాటు లేదు కదా.

ఏళ్ళు గడిచాయి. పోయిన వానాకాలం కపంబ్వే పోయాడు. భార్య బానా లోంబే శవం పక్కన బండరాయిలా కూచుంది. ఏడవదు, తినదు, పలకదు. పెద్దపెద్ద న్గోని కుటుంబాలేవీ ఇప్పుడు మా ఊళ్ళో లేవు. ఉన్న ఒకరిద్దరు కుర్రాళ్ళు వచ్చి ఏదో మొక్కుబడిగా అల్లరి చేసి తిని పోయారు. ఇక ఎత్తుదామనుకుంటుంటే వాకిట్లో ఒక ముసలాయన నిలబడ్డాడు. బస్సుల్లో వచ్చి వచ్చి బట్టలు దుమ్ముకొట్టుకుపోయాయి. చేతిలో ఎండు ఎలకల పుల్ల. నేనే ముందు గుర్తుపట్టాను.

ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా శవం దగ్గరికి పోయి, అటెన్షన్లో నిలబడి, కోర్టులో అభియోగం చదివినట్టు చదివాడు.

"కోతుల్ని తినేవాడు పోయాడు. అడవిలో కోతులు సంతోషంగా ఉన్నాయి."

అంతే. అదీ అతని హాస్యం. అంత పేలవమైన మాట మా ఊళ్ళో చావింట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎవరికీ నవ్వు రాలేదు. అతను ఇంకేదో అనబోయి, ఎలకల పుల్లని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. దారంతా తయారుచేసుకుని వచ్చింది ఆ ఒక్క మాటేనని మాకు తెలిసిపోయింది. 

బానా లోంబే తల ఎత్తింది. అప్పటిదాకా పెదవి విప్పని మనిషి అతనికేసి చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"కొంచెం గట్టిగా చెప్పు బావా," అంది. "ఆయనకి ఎడమచెవి వినపడదు."

థోలే ఈవైపునించి ఆవైపుకి తిరిగి వెళ్ళి, కుడిచెవి దగ్గర వంగి, మళ్ళీ మొదటినించీ చెప్పాడు.